ఊరి జట్టు, ఊరి కుర్రాడు, బోలెడు డబ్బు

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది అంతంత మాత్రమే. మనది క్రికెట్ మేళం కదా! కానీ రోజంతా ఎస్ఏపీతో కుస్తీ పట్టే ఉద్యోగం నాది. ఆ కంపెనీ పెట్టినాయన తన చిన్ననాటి జట్టును ఏం చేశాడన్న కథ కంటబడితే వదల్లేకపోయాను.

జర్మనీ నైరుతి మూల, హైడెల్‌బర్గ్‌కి దగ్గర్లో హోఫెన్‌హైమ్ అని ఓ ఊరుంది. జనాభా మూడు వేల పైచిలుకు. 1899లో ఆ ఊరివాళ్ళు ఓ వ్యాయామ సంఘం పెట్టుకున్నారు. ఫుట్‌బాల్ క్లబ్బు ఆ తర్వాత రెండు దశాబ్దాలకి వచ్చింది. యుద్ధం ముగిసిన 1945లో రెండూ కలిసి టీఎస్‌జీ 1899 హోఫెన్‌హైమ్ అయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లతో ఆడటం, గెలవటం, ఓడటం... అంతే.

ఆ జట్టులో కుర్రాడిగా ఆడినవాళ్ళలో డీట్మార్ హోప్ ఒకడు. పెద్దయ్యాక ఐబీఎంలో చేరాడు. 1972లో మరో నలుగురు సహోద్యోగులతో కలిసి బయటికొచ్చి ఎస్ఏపీ మొదలెట్టాడు. తర్వాతి కథ మనకి తెలిసిందే. అమీర్‌పేటలో ఎంతమంది ఆ కోర్సు చేసి ఇళ్ళు నిలబెట్టుకున్నారో!

1990 ప్రాంతంలో హోప్ మళ్ళీ ఊరి జట్టు వైపు చూశాడు. అప్పటికది జిల్లా స్థాయి లీగుల్లో ఈదుతోంది. ఈయన డబ్బు పెట్టటం మొదలుపెట్టాక మెట్లెక్కుతూ 2001కల్లా మూడో స్థాయి లీగుకి చేరింది. 2006లో రాల్ఫ్ రాంగ్నిక్‌ని కోచ్‌గా తెచ్చారు. 2007లో రెండో స్థాయి, 2008లో ఏకంగా బుండెస్‌లిగా! ఆ ఏడాది సగం సీజన్ ముగిసేసరికి పట్టికలో మొదటి స్థానం వీళ్ళదే. 2009లో పక్కనే ఉన్న జిన్స్‌హైమ్‌లో 30,150 మంది పట్టే స్టేడియం కట్టారు. ఊరి జనాభాకి తొమ్మిది పది రెట్లన్నమాట.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ జర్మనీ అభిమానుల్లో చాలామందికి ఒళ్ళు మండింది.

ఎందుకంటే అక్కడ క్లబ్బు అంటే సభ్యులది. 1998 నుంచి క్లబ్బులు తమ జట్లను కంపెనీలుగా మార్చుకోవచ్చు, కానీ ఓట్లలో మెజారిటీ మాత్రం సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. దీన్నే "50+1" నిబంధన అంటారు. ఇరవై ఏళ్ళకి పైగా పెద్దఎత్తున ఆదుకున్నవారికి మినహాయింపు ఉంది. దాని కింద 2015లో హోప్‌కి ఆ మెజారిటీ దక్కింది. చందాలు కట్టుకుంటూ, ఓట్లేసుకుంటూ నడుస్తున్న క్లబ్బుల వాళ్ళకి ఇది అన్యాయంగా తోచింది. 2020 ఫిబ్రవరి 29న బయెర్న్‌తో మ్యాచ్‌లో హోప్‌ని తిడుతూ బ్యానర్లు లేచాయి. ఆట రెండుసార్లు ఆగింది. చివరి పదమూడు నిమిషాలు నిరసనగా రెండు జట్లూ బంతిని ఊరికే అటూ ఇటూ తన్నుకుంటూ గడిపేశాయి. అప్పటికి స్కోరు 6-0, గెలుస్తున్నది బయెర్న్.

ఆ తిట్లు నాకు నచ్చలేదు. తను ఆడిన జట్టుకి సాయం చేయటం నేరమేమీ కాదు కదా. అయినా అభిమానుల ప్రశ్నని మాత్రం తోసిపుచ్చలేను: పెంచినవాడిదా జట్టు, ఊరిదా?

జవాబు హోపే చెప్పాడు. ఆ ఓట్ల మెజారిటీని పైసా తీసుకోకుండా సభ్యుల సంఘానికే తిరిగి ఇచ్చేస్తానని 2023లో ప్రకటించాడు. నాకు బుండెస్‌లిగా ఎక్కడం కన్నా ఇదే పెద్ద సంగతి అనిపించింది.

మనవాళ్ళూ డాలర్లు సంపాదించాక సొంతూరి బడికి గదులు కట్టిస్తారు, గుడికి గోపురం ఎత్తిస్తారు. శిలాఫలకం మీద పేరుంటుంది, తప్పులేదు. కానీ ఆ తర్వాత ఊళ్ళో బడి గురించి మాట్లాడాల్సి వస్తే, అందరూ అమెరికా నుంచి ఫోన్ కోసం ఎదురుచూసే పరిస్థితి వస్తే? అప్పుడది ఊరి బడేనా?

ఇవ్వటం కష్టమే. ఇచ్చి పక్కకి జరగటం ఇంకా కష్టం. ఏమంటారు?