కమ్మ నుంచి కార్డు ముక్క దాకా

‘ఉత్తరం’ అంటే సంస్కృతంలో బదులు. ‘జాబు’ అన్నదీ ‘జవాబు’ నుంచి వచ్చిందే. ముందుగా రాసినదాన్ని కూడా మనవాళ్ళు బదులనే పిలిచారు. ఈ రెండూ అరువు మాటలు. మన సొంత మాట ‘కమ్మ’. తాటాకూ కమ్మే, దాని మీద రాసి పంపిన కబురూ కమ్మే.

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల తాడిచెట్లకు కొదవేముంది! పదును చేసిన ఆకును ఎడమచేత పట్టి, బొటనవేలి ఆసరాతో గంటాన్ని నడిపించేవారు. గీరిన అక్షరం వెంటనే కంటికి ఆనదు. మసో పసరో పూసి తుడిస్తే గీతల్లో నిలిచి నల్లగా తేలుతుంది. అడ్డగీత గట్టిగా పడితే ఆకు చీలుతుంది. మన లిపి గుండ్రదనానికి ఇదే కారణమంటారు. ఆ తాడిమానునే తొలిచి కొల్లేటివాళ్ళు దోనెలు చేశారు. వానాకాలంలో దారులు మునిగితే లంకకు మనిషైనా జాబైనా నీళ్ళమీదే చేరాలి.

1869లో ఆస్ట్రియాలో పుట్టిన పోస్టుకార్డు 1879లో పావు అణాకు మన దేశానికొచ్చింది. ఇన్‌లాండ్ కవరు 1950 నాటిది. నాకు మాత్రం కార్డే ఇష్టం. పైన ‘శ్రీరామ’, కుడిపక్కన ఊరూ తేదీ. పెద్దలకైతే ‘నమస్కరించి వ్రాయునది’, పిన్నలకైతే ‘ఆశీర్వదించి వ్రాయునది’. ‘ఉభయకుశలోపరి’ తర్వాతే అసలు సంగతి: కోతలు, పురుడు, చేపల ధర. చోటు చాలకపోతే అంచుల వెంట నిలువుగా, చివరికి ‘శ్రీరామ’ పక్కనే తలకిందులుగా. మూలల్లో పసుపుంటే శుభవార్త. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చించేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. ‘అందరం క్షేమం’ అని రాసినా అక్షరం వణికితే అమ్మకు తెలిసిపోయేది. ఇంత చిన్న అట్టముక్క మీద ఇంత మనిషిని చూపించిన విద్య మరొకటి నేనెరగను.

చిరునామాలోనూ చరిత్ర ఉంది. ఏలూరు 1925 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత పశ్చిమ గోదావరి, 2022 నుంచి తనే ఒక జిల్లా. కైకలూరు కదలకుండానే కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. ఊళ్ళో మీ కబురు కోసం చూసే పెద్దవాళ్ళుంటే ఈ వారమే ఒక ముక్క రాయండి. పిన్ మరవకండి: ఏలూరుకు 534001, తాడేపల్లిగూడేనికి 534101.