గాజుతొట్టిలోని చెరువు



గాజుతొట్లలో చేపలను పెంచు వినోదము నేడు పట్టణములనుండి పల్లెలకును వ్యాపించినది. పిల్లలు ముచ్చటపడి రెండు బంగారుచేపలను తెత్తురు; పక్షము తిరుగకమునుపే అవి వెల్లకిల తేలును. శ్రద్ధ చాలలేదని పెద్దలు కోపింతురు. కాని పెక్కు తావుల శ్రద్ధ మితిమీరుటయే చేపల చావునకు కారణము. అదెట్లో తెలియవలెనన్న ఈ తొట్టి పుట్టుక కొంత వినవలయును.

మత్స్యవినోదము మనకు క్రొత్త కాదు. కల్యాణపురము నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున దానికొక ప్రకరణమే కలదు. చీనాదేశమున సుంగు వంశీయుల కాలమున (960-1279) బంగారువన్నె చేపలను కొలనులలో పెంచిరి. మింగు వంశీయుల కాలమున అవి తొట్లలో ఇండ్లలోనికి వచ్చినవి. 1596లో జాంగ్ చియాన్‌దె అనునతడు వానినిగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను.

అయినను నీటిని మార్చనిదే చేప ఏల బ్రతుకదను ప్రశ్నకు సమాధానము చాలకాలము దొరకలేదు. చెరువునీటిని ఎవరును మార్చుటలేదు. అందు చేప బ్రతుకుచున్నది గదా! 1779లో ఇంగెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు సూర్యరశ్మియందు పచ్చనిమొక్కలు ప్రాణవాయువును విడుచునని నిరూపించెను. ఈ సూత్రమును పట్టుకొని లండను రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక పరీక్ష చేసెను. సుమారు 12 గాలనులు పట్టు గాజుపాత్రను సగమువరకు నీటితో నింపి, అడుగున ఇసుకయు, బురదయు, రాళ్లును ఉంచి, వల్లిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. కొన్నాళ్లు బాగుగానే యుండెను. పిమ్మట మొక్క ఆకులు కుళ్లి నీరు కలగి, పాత్రకు పాకుడు పట్టెను. అప్పుడాయన నీటిని పారబోయలేదు. చెరువులో కుళ్లును తినువారెవరని ఆలోచించి, కొన్ని నత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్లును, పాకుడును తిని నీటిని తేటపరచినవి. వాని గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. ఈ వృత్తాంతమును ఆయన 1850లో ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు మత్స్యగృహము తెరువబడెను. మరుసటి సంవత్సరము గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వెలువరించిన గ్రంథముతో 'అక్వేరియము' అను పేరు లోకమున స్థిరపడెను.

ఇంతటితో కథ ముగియలేదు. చేప మొప్పలనుండి అమ్మోనియా అను విషము నిరంతరము వెలువడును; పెట్టిన మేత మిగిలి కుళ్లినను అదియే పుట్టును. దానిని హరించువారెవరో తండ్రి ఎరుగడు. ఆయన జ్యేష్ఠపుత్రుడు, రాబర్ట్ వారింగ్టన్ అనియే పేరుగలవాడు, రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనక్షేత్రమున నేలను పరీక్షించుచు, అమ్మోనియా రెండు మెట్లలో మారుననియు, మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చునవి వేరువేరు సూక్ష్మజీవులనియు కనుగొనెను. 1890లో రష్యాదేశీయుడగు వినోగ్రాద్‌స్కీ ఆ జీవులను వేరుచేసి చూపెను. తండ్రి పాత్రలోని చేపలను విషమునుండి కాపాడినవి అడుగున ఇసుకను, రాళ్లను అంటి యుండిన ఇట్టి జీవులే. పొలమునకు తోలిన పెంటయెరువును పైరు గ్రహింపదగిన రూపమునకు తెచ్చునవియు ఇవియే.

ఇప్పుడు మన చేపలు ఏల చచ్చుచున్నవో తేటపడును. క్రొత్తతొట్టిలో ఈ జీవులు చాలినన్ని లేవు. అవి వృద్ధి పొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతలోనే చేపలను నింపుదుము. నీరు మసకబారిన వెంటనే అంతయు పారబోసి, ఇసుకను కుళాయినీట కడిగి, ఆ నీటిలోని క్లోరినుతో ఉన్న కొద్ది జీవులను చంపుదుము. ప్రేమతో పూటపూటకు మేత చల్లి విషమును పెంచుదుము.

కావున తొట్టి వెడల్పు నోరుగలదై యుండవలెను. అడుగున ఇసుకయు, నీటిమొక్కలును ఉండవలెను. పాలకు తోడు వేసినట్లు, ఆరోగ్యముగా నున్న పాతతొట్టినుండి గుప్పెడు ఇసుక తెచ్చి కలిపినచో జీవులు త్వరగా నిలుచును. మొదట ఒకటి రెండు చిన్నచేపలు చాలును. రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే మేత వేయవలెను. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మాత్రమే తీసి, క్లోరిను విడిచిన నీరు పోయవలెను. తొట్టిని ఎండలో పెట్టరాదు, పాకుడు పెరుగును.

పొలమునకు ఎరువు తోలినవాడు మరునాడే పంటను కోయబోడు; నేల తన పని తాను చేయుటకు ఎడమిచ్చును. మన రైతు తరతరములుగా ఎరిగిన ఆ ఓర్పే గాజుతొట్టికిని వలయును. తొట్టిని నేడు కొనుడు, ఇసుకను పండనిండు, చేపలను మరుమాసమున తెండు.