చూరులో రెండో గ్లాసు

ఊళ్లలో టీ కొట్టును హోటలనే అంటారు. తాటాకు పాక, కట్టెల పొయ్యి, మసిబారిన పాలగిన్నె, రెండు మూడు చెక్క బల్లలు. లోపల బల్ల మీద కూర్చున్నవాళ్లకు గాజు గ్లాసులో టీ వచ్చేది. దళితవాడ నుంచి వచ్చిన మనిషికి మాత్రం బయట చూరులో దోపిన గ్లాసు ఉండేది. అది సత్తుదో సొట్టలు పోయిన స్టీలుదో అయ్యేది. ఇంకా వెనకటి రోజుల్లో అయితే కొబ్బరి చిప్పే. ఆ గ్లాసు ఆయనే తీసుకోవాలి, పైనుంచి పోస్తే పట్టుకోవాలి, నిలబడో గొంతుక్కూర్చునో తాగాలి, ఆయనే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. టీ రేటు మాత్రం లోపలా బయటా ఒకటే.

తెలుగు పల్లెల్లో దీన్ని రెండు గ్లాసుల పద్ధతి అన్నారు. ఎవరైనా నిలదీస్తే కొట్టు యజమాని చెప్పే జవాబులు రెండే. మొదటిది: నా కొట్టు, నా ఇష్టం. రెండోది: నాదేముందయ్యా, వాళ్లకు లోపల పోస్తే మిగతావాళ్లు రావడం మానేస్తారు. మొదటి జవాబులో హక్కు వినిపిస్తుంది, రెండోదానిలో భయం. ఈ దేశంలో దుకాణాల గడప మీద వచ్చిన చట్టాల చరిత్రంతా ఆ రెండో జవాబు చుట్టూనే తిరిగింది.

అసలు పల్లెలో చాలా పనులకు దుకాణమే ఉండేది కాదు. మంగలి, చాకలి, వడ్రంగి ఇంటింటికీ పని చేసి పెట్టి పంట నూర్చాక కళ్లంలో మేర తీసుకునేవారు. గింజలు కొలిచి పోసేది భూమి ఉన్న రైతులు. మాలవాడలోనో మాదిగవాడలోనో ఒకరికి గడ్డం గీశాడని తెలిస్తే ఆ ఏడు మంగలికి మేర ఆగిపోవచ్చు. అందుకని కత్తి ఆయనదే అయినా అది ఎవరి గడ్డం మీద ఆడాలో తేల్చేది ఊరే. టౌన్లలో అద్దం, తిరిగే కుర్చీ, గోడకు దేవుడి పటం ఉన్న సెలూన్లు వచ్చాక, డబ్బిచ్చినవాడికల్లా క్షవరం అన్న మాట పైకి వినపడింది. పల్లెలకు ఆ మాట చాలా ఆలస్యంగా చేరింది.

అంబేద్కర్‌కు ఇదంతా పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. సతారాలో చిన్నప్పుడు ఇంట్లో పిల్లలందరికీ జుట్టు కత్తిరించింది అక్కే. ఊళ్లో మంగళ్లు లేకా కాదు, ఇచ్చుకునే స్తోమత లేకా కాదు. అమెరికాలో, ఇంగ్లండులో చదువుకుని 1917లో బరోడా సంస్థానం కొలువుకు వచ్చినప్పుడు ఏ హిందూ హోటలూ తనను ఉండనివ్వదని ఆయనకు తెలుసు. ఒక పార్శీ సత్రానికి వెళ్లారు. అక్కడ చూసుకునే మనిషికి బేరాలు లేవు, నాలుగు డబ్బులు వస్తే మంచిదేననుకున్నాడు. రోజుకు రూపాయిన్నర, రిజిస్టరులో మాత్రం పార్శీ పేరు రాయాలి అన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్శీలు కర్రలతో వచ్చి, ఆ సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యకపోతే ఊరుకోమన్నారు. గది ఇచ్చినవాడికి అభ్యంతరం లేదు. అభ్యంతరం కర్రలు పట్టుకొచ్చినవాళ్లది. తర్వాత రాజ్యాంగంపై ఆయన ఇచ్చిన వివరణలు చదివేటప్పుడు ఈ రిజిస్టరును గుర్తు పెట్టుకోవడం మంచిది.

1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఒకే రోజు రెండు అధికరణాలు చర్చకు వచ్చాయి. ఒకటి నేటి 17వ అధికరణం, అస్పృశ్యతను రద్దు చేసేది. రెండోది నేటి 15. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి ఎవరినీ అడ్డుకోరాదని దాని రెండో క్లాజు చెబుతుంది. ప్రాథమిక హక్కులు మామూలుగా ప్రభుత్వం చేతులు కట్టేస్తాయి. ఈ క్లాజు నేరుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషితో మాట్లాడింది.

దుకాణం అంటే సరుకులు అమ్మేది మాత్రమేనా, సెలూన్లు, లాండ్రీల మాటేమిటి అని సభలో సందేహం వచ్చింది. అంబేద్కర్ జవాబు సూటిగా ఉంది. కోరి వచ్చినవాడికి సేవ చెయ్యడానికి యజమాని సిద్ధంగా ఉన్న చోటల్లా దుకాణమే. లోపలికి రానిస్తే సరిపోదు, షరతులు కుదిరాక పని చేసి పెట్టాలి కూడా. డాక్టర్లు, వకీళ్ల గదులు కూడానా అంటే, సేవను అమ్మకానికి పెట్టినవారెవరైనా సరేనన్నారు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన సభ్యుడు ఎస్. నాగప్ప శ్మశానాల సంగతి ఎత్తారు. చచ్చాక తన గతేమిటని ఎవరు పట్టించుకుంటారు, అయినా నాగప్ప గారు అడిగారు కాబట్టి చెబుతున్నానని నవ్వుతాలుగానే మొదలుపెట్టి, ప్రభుత్వ డబ్బుతో నడిచే శ్మశానమైతే దానికీ వర్తిస్తుందని అంబేద్కర్ తేల్చారు. ఊరి శ్మశానంలో చోటు దొరకక చెరువు గట్టున శవాన్ని పూడ్చుకున్నవాళ్లకు ఆ ప్రశ్నలో నవ్వులాట కనపడదు.

రాజ్యాంగం మాట ఇచ్చింది, శిక్ష 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంలో వచ్చింది. ఆ ఏడు జూన్ 1 నుంచి అమలు. దాన్ని రాసినవాళ్లు టీ కొట్టు ముందు కాసేపు నిలబడి చూసినట్టే ఉంటుంది. నాలుగో సెక్షన్ హోటల్లోకి రానివ్వకపోవడంతో ఆగదు, అక్కడ అందరికీ ఉంచిన పాత్రలు వాడనివ్వకపోవడాన్నీ నేరం చేసింది. అంటే చూరులో గ్లాసు నేరుగా చట్టంలోకి ఎక్కింది. ఆరో సెక్షన్ ఇంకా నిక్కచ్చిది. మిగతావాళ్లకు ఏ వేళకు, ఏ చోట, ఏ షరతుల మీద అమ్ముతావో అందరికీ అలాగే అమ్మాలి. అందరూ వెళ్లాక రమ్మనడం, పెరటి గుమ్మం దగ్గర ఇవ్వడం కూడా చెల్లవు. దుకాణం లైసెన్సు ఎత్తేసే అధికారం కోర్టుకు ఉంది. కారణం అస్పృశ్యత కాదని నిరూపించుకోవలసిన భారం యజమానిదే.

ఎవరూ పెద్దగా చెప్పుకోని వాక్యం ఏడో సెక్షన్‌లో ఉంది. అంటరానితనం పాటించనన్నందుకు ఒక మనిషిని సొంత కులంవాళ్లు వెలివేస్తే అది నేరం. ఇది దళితుడి కోసం రాసిన వాక్యం కాదు, మేర పోతుందని భయపడే మంగలి కోసం, పార్శీ సత్రంలో గది ఇచ్చిన మనిషి కోసం రాసింది. యజమాని ఇష్టాన్ని చట్టం లాగేసుకుందనేవాళ్లు ఈ వాక్యం దాకా చదివినట్టు లేదు.

శిక్ష మాత్రం ఆరు నెలల లోపు జైలో, ఐదు వందల లోపు జరిమానానో, రెండూనో. అస్పృశ్యతపై వేసిన ఇలయపెరుమాళ్ కమిటీ 1969లో నివేదిక ఇచ్చాక 1976లో చట్టాన్ని సవరించి పౌర హక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. కనీసం నెల రోజుల జైలు తప్పనిసరి చేశారు. మొదటి నేరానికి జరిమానా మాత్రం ఆ ఐదు వందలు దాటలేదు.

తోసెయ్యకుండానే తోసేసే దారులు మిగిలాయి. మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద బ్రాహ్మణ హోటల్ అని ఉండేది. ఆ మాట తీసెయ్యాలని 1957లో పెరియార్ మనుషులు నెలల తరబడి ఆ హోటలు ముందు నిలబడి అరెస్టయ్యారు. చివరికి యజమానే బోర్డు మార్చాడు. ఆ బోర్డు ఎవరినీ లోపలికి రావద్దనలేదు, అయినా చదవడం వచ్చినవాడికి తన చోటేదో తెలిసిపోయేది. ఇప్పటి హోటళ్లలో దాని స్థానంలో ‘రైట్స్ ఆఫ్ అడ్మిషన్ రిజర్వ్‌డ్’ అని కనిపిస్తుంది. తాగి గొడవ చేసేవాణ్ని, బిల్లు ఎగ్గొట్టేవాణ్ని ఆపడానికి అది పనికొస్తుంది, 15వ అధికరణంలోని కారణాలకు పనికిరాదు. బయటి తిండి తేవద్దనే హక్కు సినిమా హాళ్లకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియమం టిక్కెట్టు కొన్నవాళ్లందరికీ ఒకటే.

సినిమా హాలు మాట వచ్చింది కాబట్టి చుండూరు. 1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగవు ముదిరి దళితుల సాంఘిక బహిష్కారం దాకా వెళ్లింది, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో అది శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. వినోద స్థలం అన్న రాజ్యాంగ పదం కింద ఎంత బరువు ఉందో కొలవడానికి ఇంతకన్నా చేదు లెక్క అక్కర్లేదు.

రెండు గ్లాసులు ఇంకా ఉన్నాయని, దళితుల మీద వివక్షను విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందు జనం చెప్పుకున్నారు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగిన పరిశోధకులకు మూడింట ఒక వంతుకు అటూ ఇటుగా ఊళ్లలో హోటళ్ల దగ్గర విడి గ్లాసులో విడి చోటో కనిపించాయి. తర్వాత చాలా చోట్ల చూరు ఖాళీ అయింది. దానికి చట్టం కొంత కారణమైతే, తాగి పారేసే ప్లాస్టిక్ కప్పు ఇంకొంత. కొన్నాళ్లు కొన్ని ఊళ్లలో కప్పు దళితులకు, గ్లాసు మిగతావాళ్లకు. ఆ తర్వాత అందరికీ కప్పే. కడిగే పని తప్పింది, తగవూ తప్పింది, ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకపోయింది.

ఇప్పుడు తగవు వేరే గుమ్మాలకు చేరింది. పార్శీలకు మాత్రమే సభ్యత్వం అనే నియమం పెట్టుకున్న హౌసింగ్ సొసైటీని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో ఢిల్లీలోని ఒక వైద్య కళాశాల ప్రవేశాల కేసులో రంగారెడ్డి జిల్లావాడైన జస్టిస్ సుదర్శన్ రెడ్డి, మరో న్యాయమూర్తితో కలిసి, అంబేద్కర్ ఇచ్చిన దుకాణం నిర్వచనాన్ని బయటికి తీశారు. సేవను జనానికి అమ్మే ప్రైవేటు విద్యాసంస్థ కూడా 15(2)లో దుకాణమేనన్నారు. టు-లెట్ బోర్డు వేలాడే ఇల్లు మాత్రం ఆ క్లాజు జాబితాలో లేదు. అంటరానితనం పేరుతో ఇల్లు నిరాకరిస్తే 1955 చట్టం కిందికి వస్తుంది. గది చూడ్డానికి వచ్చినవాడి మతం తెలిశాక, మొన్ననే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చారని ఓనరు చెబితే ఆ చట్టానికి పట్టింపు లేదు.