దూరపు ఊళ్ల కోసం ఒక తరంగం: కిరణ్ కూచి వైర్‌లెస్ పరిశోధన

జగ్దల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు గీదం దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి దంతెవాడ మీదుగా బైలడీల గనులకు, రెండోది బీజాపూర్, భోపాలపట్నం దిక్కుకు పోతుంది. బైలడీల ఇనుప ఖనిజాన్ని విశాఖకు మోసే కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం మీద గీదం ఒక స్టేషన్. రోడ్డూ రైలూ వచ్చినా చుట్టుపక్కల పల్లెలకు ఫోన్ సిగ్నల్ అంత సులువుగా రాలేదు. బస్తరులో ఊరంటే ఒకచోట గుమిగూడిన ఇళ్లు కావు. పారాలనే చిన్న వాడలుగా విడిపోయి, మధ్యలో అడవి, వాగు, గుట్ట ఉంటాయి. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో మొబైల్ టవర్లు కట్టే పథకాన్ని కేంద్రం 2014లో ఆమోదించింది. వాటిలో వచ్చింది 2జి. 2,343 చోట్ల దాన్ని 4జికి పెంచాలన్న నిర్ణయం 2022 ఏప్రిల్‌లో గాని జరగలేదు.

ఇలాంటి నేలను ప్రపంచ ప్రమాణాల లెక్కలోకి తేవడంలో ఐఐటి హైదరాబాద్ ఆచార్యులు కిరణ్ కూచి పాత్ర పెద్దది. తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో ఆయన 1995లో బిటెక్ ముగించారు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో 1997లో ఎంఎస్, 2006లో పిహెచ్‌డి అందుకున్నారు. 2000 నుంచి 2008 దాకా నోకియా పరిశోధన కేంద్రంలో ఎడ్జ్, వైమాక్స్, ఎల్‌టిఇ ప్రమాణాల మీద పనిచేశారు. తరువాత స్వదేశానికి వచ్చి, సీవిట్ సంస్థలో 2011 వరకు 4జి పరిశోధనకు నాయకత్వం వహించి, అక్కడినుంచి ఐఐటి హైదరాబాద్‌కు చేరారు.

5జి ప్రమాణాలను తూచే కొలతలు తయారవుతున్నప్పుడు అంతర్జాతీయ టెలికం సమాఖ్య గ్రామీణ ప్రాంతానికి రెండు టవర్ల మధ్య దూరాన్ని 1,732 మీటర్లుగా తీసుకుంది. మన పల్లెలకు ఇది సరిపడదు. పంచాయతీకి ఒక టవర్ చొప్పున వేసుకున్నా దూరం ఆరు కిలోమీటర్లకు తక్కువ కాదని భారత బృందం వాదించింది. 2017లో 6,000 మీటర్ల కొలత కూడా పరీక్షలో చేరింది. గీదం వంటి చోట్లకు అసలైన విజయం ఇదేనని నా అభిప్రాయం. కొలత మారితే గాని పరిష్కారం వెతికేవారు ఉండరు.

ఆ దూరంలో చిక్కేమిటంటే, టవర్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది గాని ఫోన్ మాట టవర్‌కు చేరదు. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది, ఫోన్‌కున్నది దాదాపు 200 మిల్లీవాట్లే. ఆ కొద్ది శక్తినీ పంపే పని ఫోన్‌లోని పవర్ ఆంప్లిఫయర్ అనే చిన్న సర్క్యూట్‌ది. 4జి, 5జి సంకేతాల ఎత్తు ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆ శిఖరాలు చెడిపోకుండా ఉండాలంటే ఆంప్లిఫయర్‌ను దాని పూర్తి సత్తాకు బాగా కింద నడపాలి. బ్యాటరీ ఖర్చవుతుంది, దూరం రాదు. పై/2 బిపిఎస్‌కె పద్ధతిలో ప్రతి గుర్తునూ ముందుదాని కంటే తొంభై డిగ్రీలు తిప్పి, పైన వడపోత వేస్తారు. సంకేతం ఎత్తు దాదాపు సమంగా ఉంటుంది కనుక అదే ఆంప్లిఫయర్‌ను నిండు శక్తితో నడపవచ్చు. ఐఐటి హైదరాబాద్ బృందం గట్టిగా సమర్థించిన ఈ పద్ధతి, మొబైల్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ కూటమి 3జిపిపి 15వ విడుదలలో చోటు సంపాదించింది.

అక్కడ అది ఐచ్ఛికమే. భారత ప్రమాణాల సంఘం టిఎస్‌డిఎస్‌ఐ దాన్ని తప్పనిసరి చేస్తూ 5జిఐ అనే ప్రమాణాన్ని రూపొందించింది. 2021 ఫిబ్రవరిలో అంతర్జాతీయ టెలికం సమాఖ్య సిఫారసులో అది చేరింది. టెలికం కంపెనీలు మాత్రం అభ్యంతరపెట్టాయి. ఒక్క దేశానికే వేరే ప్రమాణమంటే ఫోన్ల ధర పెరుగుతుందని వాటి భయం. చివరికి 2021 డిసెంబరులో 5జిఐని 3జిపిపి 17వ విడుదలలో కలిపే ఒప్పందం కుదిరింది. కొందరు దీన్ని ఓటమిగా చెప్పారు. నేను అలా అనుకోను. వేరు ప్రమాణంగా మిగిలితే అది మన దేశంలోనే ఆగిపోయేది. కలిసిపోయింది కనుక ఎక్కడి చిప్ తయారీదారైనా వాడుకోగల దారి ఏర్పడింది.

ఐఐటి హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్ ఈ పరిశోధనను కాగితం దాటించే పనికి పూనుకుంది. సైయెంట్ సంస్థతో కలిసి కోలా అనే నారోబ్యాండ్ ఐఓటి చిప్‌ను తయారుచేసింది. మీటర్లు, సెన్సర్ల వంటి పరికరాలు కేవలం 180 కిలోహెర్ట్జ్ పట్టీలో, ఒక్క బ్యాటరీతో ఏళ్ల తరబడి మాట్లాడేందుకు ఉద్దేశించిన వ్యవస్థ అది. తిరుపతి, హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాలల ఉపాధ్యాయులు కమ్యూనికేషన్స్ పాఠంలో 1,732 మీటర్లు 6,000 ఎలా అయ్యాయో కూడా విద్యార్థులకు చెప్పాలి.