బ్యాక్‌టిక్ ఇంకా ఎందుకు పోలేదు?

మా వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తే అరసున్నలు కనిపిస్తాయి. ఇప్పుడు వాటిని వాడేవాళ్లు అరుదు. అయినా ఆ పేజీ మనం చదువుకోగలం. ఇవాళ చెప్పుకునేది అలాంటి ఇంకో చిన్న గుర్తు చరిత్ర. ఇది కంప్యూటర్లది.

షెల్ స్క్రిప్టులో ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో కమాండ్‌లో వాడుకోవాల్సి వస్తుంది. ఈరోజు తేదీని బ్యాకప్ ఫైలు పేరులో కలపడం లాంటిదన్నమాట. 1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో దీనికి కమాండ్‌ని రెండు బ్యాక్‌టిక్‌ల మధ్య రాయాలి. తెరిచేదీ మూసేదీ ఒకటే గుర్తు. తంటా అంతా అక్కడే. ఒకదాని లోపల ఇంకోటి పెట్టాలంటే ముందు ఒక బ్యాక్‌స్లాష్ కావాలి. దాని లోపల మరోటైతే మూడు! పైగా కొన్ని ఫాంట్లలో అది సింగిల్ కోటో, బ్యాక్‌టిక్కో పోల్చుకోలేం.

1980లలో డేవిడ్ కార్న్ తన షెల్‌లో డాలర్ గుర్తూ బ్రాకెట్లూ, అంటే $( ), తెచ్చారు. తెరిచేది వేరు, మూసేది వేరు కాబట్టి ఎన్నైనా ఒకదాంట్లో ఒకటి పెట్టొచ్చు. 1992 పోసిక్స్ ప్రమాణం దీన్ని ఒప్పుకుంది, పాతదాన్నీ ఉంచింది. మరి అందరూ వెంటనే ఎందుకు మారలేదు? సోలారిస్ 10లో మామూలు షెల్‌కి కొత్త పద్ధతి తెలియదు. అన్ని యంత్రాల మీదా నడవాల్సిన స్క్రిప్టు రాసేవాళ్లు పాతదాన్నే పట్టుకున్నారు. అది బద్ధకం కాదు, జాగ్రత్త.

గిట్ ప్రాజెక్టు మాత్రం $( ) వాడాలని తన నియమాల్లో రాసుకుంది. 2014లో ఒక కంట్రిబ్యూటర్ పాత స్క్రిప్టుల్ని వరసగా మార్చారు. ఒక్కో ఫైలుకు ఒక్కో ప్యాచ్. సెడ్‌తో మార్చి, ఆపైన కళ్లతో చదివి సరిచూశామని ప్రతి ప్యాచ్‌లోనూ రాశారు. ఆ చదవడమే అసలు పని. ఒకే వరసలో రెండు జంటలుంటే సెడ్ మొదటి బ్యాక్‌టిక్ నుంచి ఆఖరిదాకా ఒకే ముక్కగా పట్టేస్తుంది. ఇంకోటి, బ్యాక్‌టిక్‌ల లోపల రెండు బ్యాక్‌స్లాష్‌లు రాస్తే ఒకటే మిగులుతుంది. $( )లో రెండూ రెండుగానే ఉంటాయి. గుర్తు మార్చి ఊరుకుంటే అర్థం మారిపోతుంది. రాత్రి రెండింటికి ఎవరూ చూడకుండా నడిచే బ్యాకప్ స్క్రిప్టులో ఇలా జరిగితే తెల్లారేదాకా తెలీదు.

ఇప్పుడు షెల్‌చెక్ అనే పరికరం ఎస్‌సీ2006 పేరుతో దీన్ని ఎత్తిచూపిస్తుంది. అది తప్పు అని కాదు, శైలి సలహాగానే. బ్యాక్‌టిక్ పోసిక్స్‌లో ఇప్పటికీ ఉంది.