సలాడ్‌కు చెర్రీ టమాటా: మన మేడల మీద ఏ రకం వేసుకోవాలి?

మేడ మీద కుండీల్లో టమాటా పెంచే కుటుంబాలు మన సంఘాల్లో ఏటా పెరుగుతున్నాయి. చెర్రీ టమాటాలో ఏ రకం మంచిదని సభ్యులు తరచుగా అడుగుతున్నందున, మాకు తెలిసినంతవరకు వివరాలు ఇక్కడ ఒకచోట ఉంచుతున్నాం.

చెర్రీ టమాటా వేరే జాతి కాదు. కూర టమాటాకు చిన్న రూపమే. కాయ గోలీ నుంచి చిన్న ఉసిరికాయంత ఉంటుంది, గుత్తులుగా కాస్తుంది. హోసూరు, కృష్ణగిరి వైపు మనవాళ్లు టమాటాను తక్కాళి అంటారు. బరంపురంలో ఇరుగుపొరుగు ఒడియావారి నోట అది బిలాతి బైగణ. కోస్తా పెద్దవారు కొందరు ఇప్పటికీ రామములగ అంటారు.

కూరకు, పప్పుకు పులుపు కావాలి. కర్ణాటకలో కోసంబరి, మహారాష్ట్రలో కోశింబీర్, తమిళనాడులో కోసుమల్లి అని పేరు ఏదైనా, అందులో టమాటాను పచ్చిగానే తింటాం. కాబట్టి తీపి ఉండాలి, తోలు నోటికి తగలకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది. తోలు పలచనైన కాయ రుచిగా ఉంటుంది, కానీ రెండు రోజులు ఎండిన మట్టికి ఒక్కసారిగా నీళ్లు పోసినా, ఒక వాన పడినా చెట్టు మీదే చిట్లిపోతుంది. ప్యాకెట్ మీద బొమ్మ ఈ సంగతి చెప్పదు.

జపాన్‌కు చెందిన తొకితా కంపెనీ తయారుచేసిన సన్‌గోల్డ్ ఇందుకు మంచి ఉదాహరణ. నారింజ రంగు, పండులాంటి తీపి. రుచికి దీన్నే ముందు పెడతాం. కానీ త్వరగా చిట్లుతుంది. బెంగళూరు వంటి చల్లని ఊళ్లలో, రోజూ సమంగా నీళ్లు పోయగలిగినవారికి సరిపోతుంది. పొడవాటి ఎర్ర గుత్తులు వేసే స్వీట్ 100 కూడా ఇదే తీరు. యానాం, గంజాం వంటి తీరప్రాంతాల్లో వానలకు తట్టుకోవాలంటే జూలియెట్ మేలు. కాయ కోలగా, తోలు కాస్త మందంగా ఉంటుంది, చిట్లడం తక్కువ. తీపి సన్‌గోల్డ్ అంత ఉండదు. పసుపు రంగు యెల్లో పేర్ చూడ ముచ్చటే కానీ రుచి చప్పన. పళ్లెం అందానికి తప్ప మేము సిఫారసు చేయం. ఢిల్లీ పూసా సంస్థవారి పూసా చెర్రీ టమాటా-1 ముఖ్యంగా పాలీహౌస్ సాగుకు ఉద్దేశించినది.

పై రకాలన్నీ తీగలా ఆరడుగులు దాటి పెరుగుతాయి. 15 నుంచి 20 లీటర్ల కుండీ, గట్టి ఊతకర్ర తప్పవు. ఫ్లాట్ బాల్కనీలో అంత చోటు లేనివారికి టైనీ టిమ్ ఉంది. 1945లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పొట్టి రకం. అడుగున్నర లోపే ఆగిపోతుంది, కాపు మాత్రం కొద్ది వారాలే.

ఏ రకమైనా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది. సోలాపూర్, రాయచూరు, బళ్లారి వారు సెప్టెంబరులో నారు పోసుకుంటే చలికాలమంతా కాయలు కోసుకోవచ్చు. తమిళనాడు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక నాటడం క్షేమం. నారు 25–30 రోజులకు నాటడానికి వస్తుంది, ఆపైన రెండు నెలలకు పండ్లు. తెల్లదోమ వల్ల ఆకుముడత వస్తే ఆ మొక్కను పీకేయడమే మంచిది, జాలిపడి ఉంచితే పక్క కుండీలకు పాకుతుంది.

ఇక విత్తనం సంగతి. సన్‌గోల్డ్, స్వీట్ 100, జూలియెట్ హైబ్రిడ్లు. వాటి గింజ దాచి మళ్లీ వేస్తే అదే కాయ రాదు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. మన పెరళ్లలో అంట్లు తోమే చోట దానంతటదే మొలిచే చిన్న నాటు టమాటా అలా కాదు. పులుపు ఎక్కువే, తోలూ కాస్త గట్టిదే. అయినా ఎండకు ఓర్చుకుంటుంది, గింజ దాచుకుంటే ఏటా అదే కాయ ఇస్తుంది. పెరళ్లు పోయి ఫ్లాట్లు వచ్చాక ఈ విత్తనం చాలా ఇళ్లలో కనబడడం లేదు, అడిగితే ఇచ్చే పెద్దవాళ్లూ తగ్గిపోతున్నారు. అందుకని రెండు కుండీలు ఉన్నవారు ఒకదానిలో నచ్చిన హైబ్రిడ్, రెండోదానిలో నాటురకం వేయాలని మా మాట. టమాటా పువ్వు ఎక్కువగా తనకు తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కనుక పక్కపక్కన ఉన్నా కలిసిపోవడం అరుదు.

గింజ దాచడం కష్టం కాదు. బాగా పండిన కాయల గుజ్జును గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో పళ్లెం మీద ఆరబెట్టాలి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతుంది. పొడి సీసాలో పోసి రకం పేరు, సంవత్సరం రాసి పెట్టండి. తేదీ లేని ఫైలులాగే తేదీ లేని సీసా కూడా ఎందుకూ పనికిరాదు. తేమ తగలకుండా ఉంచితే మూడు నాలుగేళ్ల వరకు మొలుస్తుంది. నాటు విత్తనం ఉన్నవారు నెలవారీ సమావేశానికి చిటికెడు తెస్తే, లేనివారికి పంచుతాం.