సూరత్‌లో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు పరీక్షలు

సూరత్‌లో 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. పెద్దపేగు క్యాన్సర్ బయటపడితే ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ ఖర్చులు ఈ బీమా భరిస్తుంది. ఏ లక్షణమూ లేనప్పుడే జబ్బును వెదికి పట్టే పరీక్ష మాత్రం దీని కిందికి రాదు. పథకాలు పుట్టిన తీరే ఇందుకు కారణం.

2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పేద కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల వరకు, అదీ ఆసుపత్రిలో చేరితేనే ఇచ్చేది. 2016 ఏప్రిల్ నుంచి అందులోని 60 ఏళ్లు దాటినవారికి మరో 30,000 కలిపారు. క్యాన్సర్ వైద్యానికి ఇది ఏమూలకూ చాలదు. గుజరాత్ ప్రభుత్వం 2012 సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి అమృతం పథకాన్ని ప్రారంభించి, గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి పెద్ద జబ్బులకు 2 లక్షల వరకు ఇచ్చింది. జనం నోట అది ‘మా కార్డు’ అయింది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక ఈ రెండు పథకాలూ అందులో కలిశాయి. 2023 జూలైలో గుజరాత్ పరిమితిని 10 లక్షలకు పెంచింది. 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ కిందే 70 ఏళ్లు పైబడిన అందరికీ వయ వందన కార్డు మొదలైంది.

తెలుగువారికి ఈ వరస కొత్తకాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రి వైద్యం చుట్టూ అల్లిందే. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద బతికే తెలంగాణ నేత కుటుంబాలకు మాత్రం ఆయుష్మాన్ ఒక మేలు చేసింది. ఈ కార్డు దేశంలో నమోదైన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది.

ముందస్తు పరీక్షల దారి వేరుగా నడిచింది. అంటువ్యాధులు కాని జబ్బుల జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరీక్షలు చేస్తారు. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. జనాభాతో పోల్చితే పాశ్చాత్య దేశాలకన్నా ఇక్కడ ఈ జబ్బు తక్కువన్నది నిజమే. అయినా 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 70,000 మందికి ఇది కొత్తగా వస్తోంది. చిన్న లెక్క కాదిది.

ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పేగు లోపలి పొరమీది చిన్న కణుతులుగా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతాయి. కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్షలో, కనబడితే అప్పటికప్పుడే తీసేయవచ్చు. అంతకన్నా సులువైనది మల పరీక్ష: ఇంట్లోనే పుల్లతో కాస్త మలం తీసి గొట్టంలో పెట్టి ఇస్తే, కంటికి కనబడని రక్తాన్ని ప్రయోగశాలలో పట్టేస్తారు. అందులో తేడా వస్తేనే కొలనోస్కోపీ అవసరం.

అమెరికాలో 1965లో పుట్టిన వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా మొదట చికిత్సకే పరిమితం. 1997 చట్టంతో 1998 జనవరి నుంచి పెద్దపేగు పరీక్షలు అందులో చేరాయి. 2001 జూలై నుంచి, ముప్పు ఎక్కువ లేనివారికీ పదేళ్లకోసారి కొలనోస్కోపీ వర్తిస్తోంది. అంటే వృద్ధుల బీమాలో ఇది రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. వచ్చిందీ చట్టం మార్చాకే.

మన దేశంలో బీమా నియమం మారకపోయినా, 50 దాటినవారికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మల పరీక్ష చేర్చడం అసాధ్యమేమీ కాదు. ఆ రోజు వచ్చేదాకా, మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి.